నాయనమ్మ పాటల పుస్తకానికి ఒక ఇంకు పెన్ను: పాళీ, పైమెరుగు ఎంచుకున్న పది వారాల డైరీ

మే 4

మా నాయనమ్మ తన చేత్తో రాసిపెట్టుకున్న పాటల పుస్తకాలు నాలుగు ఒంగోలులో మా ఇంటి బీరువాలో ఉన్నాయి. మంగళహారతులు, లాలిపాటలు, దంపుళ్ల పాటలు, పెళ్లిళ్లలో వియ్యాలవారి మీద పాడే పాటలు అన్నీ కలిపి 312 పేజీలు. అంచులు ముట్టుకుంటే కాగితం పొడిగా రాలుతోంది. సగం పేజీలలో సిరా లేత గోధుమ రంగుకు దిగిపోయింది. ఫోటోలు తీయించి భద్రపరిచాను గానీ, మా ఇంటి ఆడపిల్లలు పేరంటంలో ఒడిలో పెట్టుకొని పాడుకోవడానికి కాగితం మీద పుస్తకమే కావాలి. అందువల్ల రోజుకు మూడు పేజీల చొప్పున మొత్తం నా చేత్తో ఎత్తి రాయాలని నిశ్చయించుకున్నాను.

బాల్ పెన్నుతో చేసిన మొదటి ప్రయత్నం ఆరో పేజీ దగ్గర ఆగిపోయింది. బాల్ పెన్నుకు నొక్కుడు కావాలి. గంటసేపు నొక్కి రాసేసరికి బొటనవేలి మొదలు లాగడం మొదలైంది. ఇంకు పెన్నుకు పాళీ (నిబ్బు) కాగితాన్ని తాకితే చాలు, సిరా దానంతట అదే దిగుతుంది. కనుక ఈ పనికోసమే ఒక మంచి ఇంకు పెన్ను చేయించుకోదలిచాను. రాజమండ్రిలో లేత్ మీద ఎబొనైట్ అనే గట్టి రబ్బరు కడ్డీని తిప్పి పెన్నులు చేసే పనితనం ఇప్పటికీ బతికే ఉంది. కోసూరి వెంకటరత్నం గారు అక్కడ 1932లో పెన్నుల తయారీ మొదలుపెట్టారు. 1935లో గాంధీజీ నుంచి ఆ పెన్ను గురించి ఉత్తరం అందుకున్నారు. అదే ఊళ్లో పెన్నులు చేసే ఒక కారిగరుకు ఫోన్ చేస్తే ఆయన మూడే ప్రశ్నలు వేశారు. పాళీ ఎంత సన్నం? పాళీ ఏ నంబరు? పైన మెరుపు కావాలా, మెరవని మాట్ కావాలా? ఒక్కదానికీ నేను సరైన సమాధానం చెప్పలేకపోయాను. ఈ డైరీ ఆ మూడు ప్రశ్నల కోసం.

మే 8

నంబరు ప్రశ్న సులభంగానే తేలింది. పాళీ మీద ఉండే 5, 6 అనే అంకెలకూ గీత సన్నదనానికీ సంబంధం లేదు. అవి పాళీ మొత్తం పరిమాణాన్ని, దాని కింద ఉండి సిరా అందించే నాలిక లావును సూచిస్తాయి. 6వ నంబరు పాళీ పొడవు సుమారు 35 మిల్లీమీటర్లు, దాని నాలిక లావు 6 మిల్లీమీటర్లకు కాస్త పైన. ఈ అంకెలు కూడా అన్ని కంపెనీలకూ ఒకే కొలత కావు గనుక, పెన్ను చేసేవారి దగ్గర ఉన్న పాళీ ఏదో తెలుసుకొని అడగడం మంచిది. నేను లావుపాటి బ్యారెల్ (పెన్ను ఒళ్లు) కోరుకుంటున్నాను, కాబట్టి 6వ నంబరు. లావు పెన్నుకు చిన్న పాళీ పెడితే పెద్ద గుమ్మానికి చిన్న తలుపు బిగించినట్టు ఉంటుంది. అయితే పాళీ పొడవు పెరిగితే వేళ్లు కాగితానికి మరికాస్త దూరం జరుగుతాయన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

గీత సన్నదనం అసలు ప్రశ్న. దానికోసం ఒకే పెన్నులో మర తిప్పి మార్చుకోగలిగే నాలుగు పాళీ సెట్లు తెప్పించాను: ఎక్స్‌ట్రా ఫైన్, ఫైన్, మీడియం, 1.1 మిల్లీమీటర్ల స్టబ్. కొసలు గుండ్రంగా ఉండే మొదటి మూడూ ఏ దిశలో గీసినా గీత ఇంచుమించు ఒకే మందంలో వస్తుంది. స్టబ్ కొస బల్లపరుపుగా ఉంటుంది గనుక నిలువు గీత లావుగా, అడ్డ గీత సన్నగా పడుతుంది.

మే 11

ఈ రోజంతా అక్షరాలతోనే గడిచింది. పెన్నుల గురించి చదివినవన్నీ ఇంగ్లీషు రాసే చేతిని దృష్టిలో పెట్టుకొని చెప్పినవే; మన లిపికి అవి సగమే పనికివస్తాయి. జపాను పాళీలు ఐరోపా పాళీలకన్నా ఇంచుమించు ఒక మెట్టు సన్నగా ఉంటాయి. ఒక్కో అక్షరంలో అన్ని గీతలు ఇరికించి రాసే లిపి వారిది కాబట్టి అలా చేస్తారని చెబుతారు. మరి ఒకే గడిలో తలకట్టో గుడో, ఒత్తు, ఒత్తు కింద మరో ఒత్తు రాసుకునే మన సంగతి ఏమిటి?

నాయనమ్మ పుస్తకంలో తరచుగా వచ్చే మాటలలోంచి కష్టమైనవి ఏరి ఒక పరీక్ష వరుస కట్టుకున్నాను: జ్యేష్ఠ, స్థిరము, తీర్థము, లక్ష్మి, కృష్ణుడు, ఘంట, ఝల్లు, రాజ్ఞి. ఇదే వరుసను నాలుగు పాళీలతో, ఒకే సిరాతో, ఒకే కాగితం మీద నాలుగేసి సార్లు రాసి, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతోను, అర మిల్లీమీటరు గుర్తులున్న స్టీలు స్కేలుతోను కొలిచాను.

నేను ఎంచుకున్న రిజిస్టరులో గీతకూ గీతకూ మధ్య 8 మిల్లీమీటర్లు ఉంది. పైన గుడికి, కింద ఒత్తుకు చోటు వదిలితే అక్షరం ఒళ్లు 3 మిల్లీమీటర్లకు మించదు. ఇప్పుడు ‘ఠ’ను చూడండి. సున్నా చుట్టిన గీత మధ్యలో ఒక చుక్క. మీడియం పాళీ గీత నా కాగితం మీద 0.8 మిల్లీమీటర్లు వచ్చింది. రెండు వైపులా గీత పోగా లోపల మిగిలే తెల్లటి చోటు 1.4 మిల్లీమీటర్లు, అందులో చుక్క ఎంత జాగ్రత్తగా పెట్టినా 0.9 తింటుంది. అంటే చుక్కకు అటూ ఇటూ పావు మిల్లీమీటరు మాత్రమే. ఫైన్ పాళీ గీత 0.5 వచ్చింది, లోపల 2 మిల్లీమీటర్లు మిగులుతుంది, చుక్కకు 0.6 పోయినా రెండు వైపులా 0.7 చొప్పున తెలుపు నిలుస్తుంది. ఇది పూర్తి అక్షరం మాట. ‘జ్యేష్ఠ’లో అదే ‘ఠ’ ఒత్తుగా కిందికి దిగి 2 మిల్లీమీటర్లకు కుదించుకుపోతుంది. అక్కడ మీడియం పాళీకి లోపల మిగిలేది 0.4 మిల్లీమీటర్లు, చుక్క పెట్టగానే ఒత్తు కాస్తా సిరా ముద్ద అయింది. ‘స్థిరము’లో ‘థ’ ఒత్తుకూ అదే గతి: చుక్క కలిసిపోయి ‘స్ద’ అన్నట్టు కనబడింది. బడిలో పిల్లలు ‘స్థ’ బదులు ‘స్ధ’ రాసినప్పుడల్లా దిద్దే నేను, నా పాళీయే అలాంటి తప్పు చేస్తుంటే చూస్తూ ఊరుకోలేను.

మీడియం పాళీ పక్కకు వెళ్లింది. పాళీని ఎంచవలసింది గీతను చూసి కాదు, అక్షరం లోపల మిగిలే తెలుపును చూసి అని ఈ ఒక్క రోజులో నాకు స్పష్టమైంది.

మే 13

సిరా మారిస్తే అదే ఫైన్ పాళీ గీత 0.5 నుంచి 0.65కు లావెక్కింది. పలుచగా, ధారాళంగా దిగే సిరాలు గీతను వెడల్పు చేస్తాయి. కాగితం పీల్చేదైతే ఇంకా ఎక్కువ. ట్రంకు రోడ్డులో కొన్న మామూలు లాంగ్ నోటుబుక్కులో ‘ఘ’ కొమ్ములకు వేళ్లు మొలిచినట్టు సిరా పాకింది. 80 జీఎస్‌ఎం రిజిస్టరు మీద పాకలేదు. ఇకమీదట పరీక్షలన్నీ ఆ రిజిస్టరు మీదే, ఒకే నీలి నలుపు సిరాతోనే చేస్తాను.

మే 18

ఫైన్ మంచిదైతే ఎక్స్‌ట్రా ఫైన్ ఇంకా మంచిది కావాలి కదా అని నాలుగు రోజులు దానితోనే రాశాను. భూతద్దంలో చూస్తే ఒత్తులన్నీ ముత్యాల్లా విడివిడిగా ఉన్నాయి. కానీ మూడో పేజీ నుంచి చేతికి తేడా తెలిసింది. తెలుగు అక్షరం రాసేటప్పుడు పాళీ ఒక్క దిక్కున ఉండదు. సున్నా చుట్టడంలో కిందికి, పక్కకు, పైకి తిరుగుతుంది. తలకట్టు పెట్టేటప్పుడు కుడివైపు పైకి తోస్తాం. పాళీని లాగడం తేలిక, తోయడం కష్టం. సూదిమొనలాంటి పాళీని పైకి తోసినప్పుడు అది కాగితం నారను గీరుకుంటూ పోతుంది. తలకట్టు దగ్గర చిన్న గరగర శబ్దం వినిపించేది. పేజీ పూర్తయ్యేసరికి పాళీ చీలికలో ఒక సన్నని నార ఇరుక్కొని, ఆ తర్వాతి అక్షరాలన్నిటికీ పిల్లి మీసాల్లాంటి గీతలు వచ్చాయి. పేజీకి రెండు మూడు సార్లు పాళీ తుడుచుకుంటూ 312 పేజీలు రాయలేను.

స్టబ్ గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. పెళ్లి పత్రిక మీద పేరు రాయడానికి అందంగా ఉంటుంది. కానీ మన అక్షరాలకు గుండ్రదనం తాటాకు మీద గంటంతో రాసిన రోజులనుంచి వచ్చిందని పెద్దలు చెబుతారు. తిన్నని అడ్డ గీత ఆకును ఈనె వెంట చీలుస్తుంది. గంటం గీత అన్ని వైపులా ఒకే మందం. అందుకేనేమో, లావు సన్నాలు మారే స్టబ్ గీతలో నా ‘మ’, నా ‘య’ నావిగా అనిపించలేదు. పైగా 1.1 మిల్లీమీటర్ల నిలువు గీతకు నా ఒత్తులలో చోటే లేదు.

ఫైన్ ఖాయం.

మే 26

రోహిణి కార్తె. సిరాను నేరుగా బ్యారెల్‌లోనే నింపే పాత పద్ధతి పెన్ను ఒకటి నా దగ్గర ఉంది. రెండున్నర మిల్లీలీటర్లు పడుతుంది కాబట్టి తరచుగా నింపే పని లేదని కొత్త పెన్నుకూ అదే పద్ధతి అడగాలనుకున్నాను. మధ్యాహ్నం కరెంటు పోయిన గంటలో రాస్తుండగా, సగానికి పైగా పూర్తయిన పేజీ మీద చిక్కుడు గింజంత సిరా బొట్టు పడింది. బ్యారెల్‌లో సిరా మూడోవంతుకు తగ్గి, మిగిలిన చోటంతా గాలి నిండి ఉంది. అరచేతి వేడికి ఆ గాలి వ్యాకోచించి సిరాను నాలిక గుండా తోసేసింది. పెన్ను లోపం కాదు, ఆ పద్ధతి స్వభావం. ఎప్పటికప్పుడు నిండుగా ఉంచితే ఈ బెడద ఉండదు గానీ, పాడైతే ఆ పేజీ మొత్తం మళ్లీ రాయవలసిన పని ఇది. లోపల గాలి కొద్దిగానే ఉండే కన్వర్టరు, అంటే బ్యారెల్ లోపల అమర్చే చిన్న సిరా గొట్టం, అడుగుతాను. సుమారు 0.7 మిల్లీలీటర్లే పడుతుంది. రెండు మూడు రోజులకొకసారి నింపుకుంటాను.

జూన్ 1

రాజమండ్రి కారిగరు నా కోరిక మీద నల్ల ఎబొనైట్ ముక్కలు రెండు పంపించారు, ఒక్కొక్కటి జానెడు పొడవు, లోపల రంధ్రం తొలిచినవి. ఎబొనైట్ అంటే గంధకం ఎక్కువ పాళ్లలో కలిపి ఉడికించి గట్టిపరచిన రబ్బరు. చేతికి చల్లగా తగలదు. లోహంలాగా వేడిని త్వరగా పట్టదు కూడా.

పైమెరుగు విషయంలో నాకు తెలిసిన నిపుణుడు మా తమ్ముడే. చీమకుర్తిలో గ్రానైట్ పాలిష్ యూనిట్‌లో పదిహేనేళ్లుగా పనిచేస్తున్నాడు. ముక్కలు పట్టుకొని వాడి దగ్గరకు వెళ్లాను. నాకు అద్దంలాంటి మెరుపు కావాలని చెబితే వాడు తల అడ్డంగా ఊపాడు.

“గెలాక్సీ రాయికి అద్దం పాలిష్ ఎందుకు కొడతామో తెలుసా అక్కా? అందులో రాగి రంగు చుక్కలు అప్పుడే పైకి కనపడతయ్. నీ నల్ల పెన్నులో చుక్కలేమున్నయ్, చూపించడానికి? పట్టుకునే వస్తువుకి ముందు చెయ్యి ఏం చెప్తదో చూడు.”

గెలాక్సీ అని పిలిచే చీమకుర్తి నల్ల రాతిలో ఆ మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. వాడన్నది నిజమే, అద్దం మెరుపు లోపల దాగిన దాన్ని బయటికి తెస్తుంది, ఏమీ దాగి లేని నలుపు మీద అది వేలిముద్రలనే చూపిస్తుంది. అదే రాతిని మధ్యలో ఆపితే హోన్డ్ అంటారు, మరో రకంగా గరుకు పెడితే లెదర్ ఫినిషు అంటారు. పాలిష్ అంటే ఎంతదాకా వెళ్లాలో కాదు, ఎక్కడ ఆగాలో తెలియడమని వాడు చూపించాడు.

రాతికి వాడే చక్రాలు ఎబొనైట్‌కు పనికిరావు గనుక నీళ్లలో తడిపి రుద్దే ఎమరీ కాగితాలతో చేత్తోనే చేశాం. మొదట రెండు ముక్కలనూ 400 నంబరు కాగితంతో (నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది) లేత్ గీతలు పోయేదాకా రుద్దాం, ఆపైన 800, తర్వాత 1500. ఒక ముక్కను అక్కడే ఆపి, రెండోదాన్ని 2500 దాటించి గుడ్డ చక్రం మీద మెరుపు పట్టించాం. తడిపి రుద్దడం తప్పనిసరి. పొడిగా రుద్దితే ఆ ధూళి ముక్కులోకి పోతుంది, గంధకం వాసన ఒక పట్టాన వదలదు. ఒక కాగితం నుంచి మరొకదానికి మారేముందు ముక్కను శుభ్రంగా కడగాలని తమ్ముడు పదేపదే చెప్పాడు. ముందరి కాగితం రేణువు ఒక్కటి మిగిలినా తర్వాతి పనంతా గీతలపాలు అవుతుంది.

ఇంటికి వచ్చాక ఒక్కో ముక్క కొసనుంచి రెండంగుళాలు కోసి, అవి రెండూ మేడ మీద ఎండలో పెట్టాను. సగానికి మందపాటి నల్లగుడ్డ చుట్టాను. మూడు వారాల తర్వాత విప్పుతాను.

జూన్ 5

మిగిలిన ముక్కలలో బాల్ పెన్ను రీఫిల్ దూర్చి, ఊగకుండా కాగితం చుట్టి బిగించి, మధ్యాహ్నం రెండు గంటలకు ఫ్యాను ఆపి ఒక్కో దానితో ఒక పేజీ రాశాను. మొదలుపెట్టేముందు బొటనవేలు ఎక్కడ ఉందో తెల్ల పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నాను. మెరుపు ముక్క మీద పేజీ చివరికి వచ్చేసరికి వేళ్లు అర సెంటీమీటరు కిందికి జారాయి. జారకుండా ఉండటానికి తెలియకుండానే గట్టిగా పట్టుకున్నాను, బొటనవేలు మళ్లీ లాగింది. మాట్ ముక్క మీద ఒక మిల్లీమీటరు కూడా కదల్లేదు. చెమట చేతికి ఆ మసక ఉపరితలం పలక మీద బలపం ఆనినట్టు ఆనింది. చిన్నప్పుడు మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దిన వారికి ఆ ఆనిక ఎలాంటిదో తెలుసు.

జూన్ 15

ఈ వారం పాళీ లోహం గురించి ఆలోచించాను. 14 క్యారెట్ల బంగారు పాళీ అంటే వందకు 58.5 పాళ్లు బంగారం. అది తుప్పు పట్టదు, ఆమ్ల గుణం ఎక్కువ ఉన్న సిరాలను కూడా తట్టుకుంటుంది. కానీ కాగితాన్ని తాకేది బంగారమూ కాదు, స్టీలూ కాదు. రెండింటి కొసనూ ఒక గట్టి మిశ్రలోహపు గుండు అతికించి ఉంటుంది. ఇరిడియం అని పిలవడం అలవాటే గానీ నేటి పాళీలలో ఆస్మియం, రుథేనియం, టంగ్‌స్టన్ లాంటివే ఎక్కువ. నునుపు ఆ గుండును ఎలా అరగదీశారన్న దాని మీద ఆధారపడుతుంది. బంగారు పాళీకి పెట్టే డబ్బుతో ఇలాంటి పెన్నులు కొన్ని వస్తాయి. స్టీలు పాళీని నెలకొకసారి కడుక్కుంటే నా పనికి చాలు.

పూత విషయంలోనూ అదే తీర్పు. బంగారు పూత, రెండు రంగుల పూత, నల్ల పూత ఉన్నాయి. నల్ల పెన్నుకు బంగారు రంగు పాళీ ఎంత అందమో నాకు తెలుసు. కన్ను అక్కడే ఆగింది. అయితే నా పాత పెన్నులో చీలిక పక్కన పూత లేచిపోయి లోపలి తెల్లదనం బయటపడిన చోటు కూడా కన్ను చూసింది. పూత లేని స్టీలే అడుగుతున్నాను.

జూన్ 22

మేడ మీది ముక్కలు విప్పాను. గుడ్డ కింద ఉన్న సగం నల్లగానే ఉంది. ఎండ తగిలిన సగం గోధుమ, ఆకుపచ్చ కలిసిన ఛాయకు మారింది. వాసన చూస్తే గంధకం ముక్కుకు తగిలింది. వెలుతురు, తేమ తగిలినప్పుడు ఎబొనైట్ పైపొరలోని గంధకం ఆక్సీకరణ చెందడం వల్ల ఇలా జరుగుతుంది. రెండు ముక్కలూ వెలిశాయి, కానీ మెరుపు ముక్క మీద మార్పు కొట్టొచ్చినట్టు కనిపించింది. మాట్ ముక్కను 1500 కాగితంతో తడిపి నాలుగైదుసార్లు మెల్లగా రుద్దితే నలుపు తిరిగివచ్చింది. మెరుపుదానికి అదే చేస్తే మళ్లీ గుడ్డ చక్రం దాకా వెళ్లాలి. ఎబొనైట్ పెన్నును కిటికీలో పెట్టకూడదు, వేడినీళ్లతో కడగకూడదు అన్నవి కూడా దీనితో నాకు అనుభవంలోకి వచ్చాయి.

సాయంత్రం కారిగరుకు ఫోన్ చేసి ఆర్డరు చెప్పాను: నల్ల ఎబొనైట్, బ్యారెల్, పట్టు, మూత అన్నీ 1500 దగ్గర ఆపిన మాట్, కన్వర్టరు, 6వ నంబరు స్టీలు పాళీ, ఫైన్, పూత లేకుండా. ఈసారి ఆయన వేయడానికి ప్రశ్న మిగల్లేదు.

జూలై 6

పెన్ను వచ్చింది. చేతికి ఎంత హాయిగా ఉందో రాయడానికి ముందే పాళీ మొరాయించింది. కిందికి గీసిన గీత బాగుంది. పైకి తోసినప్పుడల్లా గీరుకుంది. భూతద్దంలో చూస్తే చీలికకు రెండు పక్కల ఉన్న రేకులలో ఎడమది వెంట్రుకవాసి కిందికి ఉంది. దారిలో దెబ్బ తగిలి ఉండవచ్చు. పాళీ కొసను నా వైపు తిప్పి పట్టుకొని, కింద ఉన్న రేకును బొటనవేలి గోటితో మెల్లగా పైకి ఒత్తి, పది లెక్కపెట్టి వదిలాను. చూడటం, ఒత్తడం, మళ్లీ చూడటం. ఆరోసారికి రెండు కొసలూ ఒకే మట్టానికి వచ్చాయి. ఎమరీ కాగితం దగ్గరకు చేయి పోకుండా జాగ్రత్తపడ్డాను, ఎందుకంటే రేకులు సరిగా కూర్చోని పాళీని అరగదీస్తే ఉన్న గుండు కాస్తా పోతుంది. సిరా కాస్త పొదుపుగా దిగుతోందనిపించి 0.05 మిల్లీమీటర్ల ఇత్తడి రేకును చీలికలో రెండుసార్లు జార్చి తీశాను. గీత కొలిస్తే 0.55 మిల్లీమీటర్లు.

జూలై 13

వారంలో 21 పేజీలు అయ్యాయి. బొటనవేలు నొప్పి లేదు. ఒకసారి కన్వర్టరు నింపితే 13, 14 పేజీలు వస్తున్నాయి. పట్టు మీద వేళ్లు ఆనే మూడు చోట్ల మాట్ కొద్దికొద్దిగా నున్నబడుతోంది. దాన్ని రుద్దకుండా అలాగే ఉంచుతాను, అది నా చేతి జాడ.

మొదటి పుస్తకంలో తొమ్మిదో పాట దగ్గర నాయనమ్మ అంచున ‘జ్యేష్ఠ పౌర్ణమి నాడు నేర్చినది’ అని రాసుకుంది. ఆవిడ రాసిన ఒత్తులో చుక్క ఎప్పుడో సిరాలో కలిసిపోయింది. నా పేజీలో ఆ చుక్క చుట్టూ తెలుపు ఉంది. రేపు పదో పాట.